పిల్లల్ని చూసేవాళ్ళు లేక ఉద్యోగాలు, పనులు మానేస్తున్న ఆడవాళ్ళు: మీ దగ్గర ఎలా ఉంది?

మల్లెతీగ (హైదరాబాద్)

మా ఆఫీసులో నాతో పాటే ప్రసవ సెలవు మీద వెళ్ళినవాళ్ళలో ఇద్దరు తిరిగి రాలేదు, ఒకామె వచ్చి నెల తిరక్కుండానే మానేసింది. జీతం చాలకో పని నచ్చకో కాదు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి రాత్రి ఏడు దాకా బిడ్డను ఎవరు చూస్తారన్న దానికి జవాబు దొరక్క. మొన్న నా సెలవు కూడా అయిపోయింది. చట్టం ఇచ్చేది 26 వారాలు, అంటే బిడ్డకి ఆరు నెలలు నిండేసరికి మనం సీట్లో ఉండాలి. మా చుట్టుపక్కల డే కేర్‌లు చూస్తే చాలావరకు "నడక వచ్చాక తీసుకురండి మేడమ్" అంటున్నాయి. ఆరు నెలల బిడ్డను తీసుకునేవి ఒకటి రెండు ఉన్నాయి, వాటిలో ఖాళీ లేదు, ఫీజు అడిగితే మా ఇంటి అద్దెకి దగ్గరగా ఉంది. కంపెనీకి ఒక డే కేర్‌తో టై-అప్ ఉందని హెచ్‌ఆర్ వాళ్ళు మెయిల్ పెట్టారు, అది మా ఇంటికి ఊరి అవతలి కొసలో ఉంది. ఆ ట్రాఫిక్‌లో పసిబిడ్డను వేసుకుని రోజూ రెండుసార్లు తిరగడం ఎవరి వల్ల అవుతుంది?

అందరూ "మీ అమ్మని పిలిపించుకో" అంటున్నారు. మా అమ్మ ఇంకా ఉద్యోగంలోనే ఉంది. అత్తయ్యకి మోకాళ్ళ ఆపరేషన్ అయింది. మీరంతా ఎలా నెట్టుకొచ్చారు? మీ బిడ్డను ఎవరు చూశారు, వాళ్ళు దానికోసం ఏం వదులుకున్నారు? అది కూడా రాయండి, నాకు ఆ రెండోదే ఎక్కువగా తెలుసుకోవాలని ఉంది.

గోదావరి గట్టు (రాజమండ్రి, ప్రస్తుతం బెంగళూరు)

అమ్మా, నువ్వు అడిగిన రెండో ప్రశ్న ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

నేను అమ్మమ్మని. రాజమండ్రిలో మా వీధిలోనే బ్లౌజులు కుట్టేదాన్ని, ఇద్దరు అమ్మాయిలకి పని నేర్పించి పెట్టుకున్నాను, పెళ్ళిళ్ళ సీజన్‌లో తిండికి టైం ఉండేది కాదు. మా అమ్మాయికి బాబు పుట్టాక "అమ్మా ఆరు నెలలు ఉండిపో" అంది. ఆ ఆరు నెలలు పెరుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు వాడు బడికి వెళ్తున్నాడు, మధ్యాహ్నం తీసుకొచ్చేది నేనే. షాపు మూసేశాను. నా దగ్గర నేర్చుకున్న అమ్మాయిల్లో ఒకతె ఇప్పుడు సొంతంగా పెట్టుకుంది, సంతోషమే. మీ బాబాయిగారు అక్కడ ఒక్కరే వండుకుని తింటున్నారు, షుగర్ ఉన్న మనిషి.

మనవడంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. కానీ నా కూతురి ఉద్యోగం నిలబడటానికి నా పని ఆగిపోయింది. ఈ లెక్క ఎక్కడా కనపడదు. కూతురు పని చేస్తోంది అని రాసుకుంటారు, తల్లి పని మానేసింది అని ఎవరు రాసుకుంటారు? చేతిలో నా డబ్బు అంటూ ఉండేది, ఇప్పుడు మందులకి కూడా అల్లుడిని అడగాలి. అల్లుడు మంచివాడే, అడగకముందే ఇస్తాడు. అయినా అడగడం అడగడమే కదా.

డల్లాస్ ఆవకాయ

పిన్నిగారూ, మీ మాట చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. ఇక్కడ మా అపార్ట్‌మెంట్లలో జరిగేదంతా ఇదే. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తారు, మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు, వాళ్ళు వెళ్ళే వారానికి అత్తమామలు దిగుతారు. మళ్ళీ అమ్మావాళ్ళు. మధ్యలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే, వీసా రాకపోతే మొత్తం కూలిపోతుంది. అమెరికాలో చంటిపిల్లల డే కేర్‌కి ఒక జీతంలో పెద్ద ముక్క పోతుంది, ప్రైవేటు ఉద్యోగాలకి జీతంతో కూడిన ప్రసవ సెలవు దేశమంతటికీ వర్తించే చట్టంలో లేనే లేదు. పిల్లల్ని చూసుకునే కేంద్రాలకి దేశమంతా డబ్బు ఇచ్చే బిల్లు 1971లో రెండు సభలూ దాటింది, అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశాడు. ఆ తర్వాత అంత పెద్దది మళ్ళీ రాలేదు.

నా సంగతి చెప్తాను. నాది హెచ్4 వీసా, అంటే ఇక్కడ వర్క్ వీసా మీద ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది. 2015లో మాలాంటి వాళ్ళలో కొందరికి పని చేసుకునే అనుమతి ఇచ్చారు. అనుమతి చేతికొచ్చేసరికి నాకు పాప. వచ్చే జీతం, పోయే డే కేర్ ఫీజు పక్కపక్కన పెట్టి చూస్తే పన్నులు పోగా మిగిలేది దాదాపు ఏమీ లేదు. మా ఆయన "మిగలకపోయినా పర్లేదు, వెళ్ళు, నాలుగేళ్ళు గ్యాప్ వస్తే మళ్ళీ ఎవరూ తీసుకోరు" అన్నాడు. ఆ మాట నిజమైంది, అప్పుడు చేరాను కాబట్టే ఇవాళ ఈ స్థాయిలో ఉన్నాను. నాతో పాటు చదివి అప్పుడు ఆగిపోయినవాళ్ళు ఇప్పటికీ మళ్ళీ మొదలుపెట్టలేకపోతున్నారు. కాబట్టి మల్లెతీగా, ఫీజుని ఈ ఏడాది జీతంతోనే పోల్చొద్దు.

శ్రీరామనవమి పందిరి (గుంటూరు)

అందరూ కోప్పడకుండా వినండి. మొదటి మూడేళ్ళు బిడ్డ తల్లి ఒడిలో ఉండాలనే నేను నమ్ముతాను. డబ్బులు తర్వాతైనా వస్తాయి. మన అమ్మలు, నాయనమ్మలు ఇంట్లో ఉండే కదా మనల్ని పెంచారు, అప్పుడు ఈ డే కేర్‌లు ఎక్కడివి? ప్రభుత్వం చంటిపిల్లల్ని చూసే క్రెష్‌లు పెట్టేకన్నా తల్లికి మూడేళ్ళ సెలవు ఇస్తే సరిపోతుంది కదా.

పాలమూరు వలస

అన్నా, మీ అమ్మ ఇంట్లో ఉందేమో. మా అమ్మ లేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా అమ్మ మట్టి పనిలో, కాంక్రీటు పనిలో ఉంది. హైదరాబాదులో బిల్డింగులు కట్టే చోట, బెంగళూరులో, బొంబాయిలో. చీరతో ఉయ్యాల కట్టి మా చెల్లెను అందులో వేసేది, నాకు ఆరేళ్ళుంటాయి, ఊపుడు నా పని. ఇటుకల కుప్ప పక్కన, ఇనుప చువ్వల పక్కన. మేస్త్రీ కేకలు వేస్తే అమ్మ పాలిచ్చేది కూడా మధ్యలో ఆపి లేచి పోయేది. నేను బడికి లేటుగా చేరడానికి అదే కారణం, చెల్లెను చూసేవాళ్ళు ఇంకెవరున్నారు? కాబట్టి పిల్లల్ని చూసుకునే ఏర్పాటు లేకపోతే తల్లి పని మాత్రమే ఆగుతుందని అనుకోకండి. చాలా ఇళ్ళల్లో తల్లి పని ఆగదు, ఆగితే పొయ్యి వెలగదు. పెద్దపిల్ల చదువు ఆగుతుంది.

ఢిల్లీలో 1969లో రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి పనులు జరుగుతుంటే, దుమ్ములో పడి ఉన్న కూలీల పిల్లల్ని చూసి మీరా మహదేవన్ అనే ఆమె అక్కడే ఒక డేరాలో క్రెష్ మొదలుపెట్టింది. మొబైల్ క్రెషెస్ సంస్థ అలా పుట్టింది. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టంలో యాభై మందికి మించి ఆడ కూలీలు ఉన్న చోట పిల్లలకి గది ఉండాలని రాశారు. నేను ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను, ఇన్నేళ్ళలో అలాంటి గది చూసింది చాలా తక్కువ. కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరు ఉంటాడు, ఒక్కొక్కడి పుస్తకంలో ఇరవై మంది ఆడవాళ్ళే కనిపిస్తారు. యాభై ఎక్కడ లెక్కకొస్తుంది?

శ్రీరామనవమి పందిరి (గుంటూరు)

తమ్ముడూ, ఈ కోణం నేను ఆలోచించలేదు. కూలి చేసుకునేవాళ్ళకి క్రెష్ కావాల్సిందే, ఒప్పుకుంటాను. ఉద్యోగాలు చేసే వాళ్ళ విషయంలో మాత్రం సెలవే మేలని ఇప్పటికీ అంటాను.

పంతులమ్మ (కోనసీమ)

సెలవు గురించి నేను చెప్తాను, నేను గవర్నమెంట్ టీచర్ని. మాకు పిల్లల సంరక్షణ సెలవు ఉంది. కేంద్ర ఉద్యోగినులకి మొత్తం సర్వీసులో 730 రోజులు, ఆంధ్రలో మాకు ముందు 60 ఉండేది, 2022లో 180 చేశారు, తెలంగాణలో 90. చాలా ఉపయోగపడింది, కాదనను. కానీ అది పరీక్షలప్పుడు, జ్వరాలప్పుడు వాడుకునే సెలవు. రోజూ బిడ్డను ఎక్కడ ఉంచాలి అన్నదానికి అది జవాబు కాదు. పైగా ఇది దేశంలో ఎంతమందికి దక్కుతుంది? మా స్కూల్లో వంట చేసే ఆయమ్మకి లేదు, ఊడ్చే ఆమెకి లేదు. మా ఇంటికి వచ్చి మా బాబుని చూసుకున్న అమ్మాయికీ లేదు. ఆ అమ్మాయి తన రెండేళ్ళ పిల్లని వాళ్ళ అత్త దగ్గర వదిలి నా కొడుకుకి అన్నం పెట్టేది.

నవమి పందిరి గారూ, మూడేళ్ళ సెలవు తల్లికే ఇస్తే ఏమవుతుందో తెలుసా? రేపు ఏ యజమానీ పెళ్ళైన అమ్మాయిని తీసుకోడు. సెలవు తండ్రికి కూడా సమానంగా ఇవ్వమనండి, అప్పుడు మాట్లాడుకుందాం. 2024 సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు పెట్టేది 88. ఇంట్లో వాళ్ళను చూసుకోవడానికి ఆడవాళ్ళు 137 నిమిషాలు, మగవాళ్ళు 75. అంతకుముందు 2019లో చేసినప్పుడు కూడా ఇంచుమించు ఇంతే. ఐదేళ్ళలో ఫోన్లు మారాయి, రోడ్లు మారాయి, ఇది మాత్రం కదల్లేదు.

ఆటోనగర్ యజమాని

యజమానుల మాట వచ్చింది కాబట్టి నేను రాస్తాను. నా దగ్గర ప్యాకింగ్ యూనిట్ ఉంది, అరవై మంది దాకా పని చేస్తారు. 2017 సవరణ ప్రకారం యాభై మంది ఉన్న ప్రతి సంస్థా క్రెష్ సౌకర్యం ఇవ్వాలి. ఆ యాభైలో మగా ఆడా అందరూ లెక్కే. నా దగ్గర చిన్నపిల్లలున్న తల్లులు ముగ్గురు. ముగ్గురి కోసం గది, ఆయా, పాలు, బాత్రూం, అన్నీ నా ఖర్చుతోనే. 26 వారాల జీతం కూడా, ఈఎస్‌ఐ వర్తించని వాళ్ళకి, యజమానే పెట్టుకోవాలి. పెద్ద కంపెనీలకి ఇది ఒక లెక్క కాదు. నాలాంటి వాడికి లెక్కే.

దీని ఫలితం ఏంటో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఇంటర్వ్యూలో "పెళ్ళయిందా, పిల్లలున్నారా" అని అడిగి ఊరుకునే వాళ్ళు నాకు చాలామంది తెలుసు. నలభై తొమ్మిది దగ్గర ఆపి మిగతావాళ్ళని వేరే పేరు మీద చూపించేవాళ్ళూ తెలుసు. చెడ్డవాళ్ళు కాబట్టే చేస్తున్నారని తోసిపారేస్తే పని జరగదు. ఖర్చంతా ఒక్కడి నెత్తిన పెట్టి, అది కూడా ఆడమనిషిని తీసుకున్నప్పుడే వచ్చే ఖర్చుగా పెడితే ఇలాగే అవుతుంది. పారిశ్రామిక ఎస్టేట్‌లో అందరికీ కలిపి ఒక క్రెష్ పెట్టి, తలా ఇంత చొప్పున ఆడవాళ్ళున్నా లేకున్నా కట్టమనండి, నేను రేపే కడతాను.

నల్లకోటు (కర్నూలు)

యజమాని గారు చెప్పిన ఉమ్మడి క్రెష్‌కి చట్టంలో చోటు ఉంది. ప్రసూతి ప్రయోజనాల చట్టం 11ఎ సెక్షన్ "విడిగా గానీ, ఉమ్మడి సౌకర్యాలతో గానీ" అనే అంది, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే మాట ఉంది. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసి రావచ్చు, విశ్రాంతి సమయం కూడా అందులోనే. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ సౌకర్యాల గురించి రాతపూర్వకంగానూ మెయిల్‌లోనూ ఆమెకి చెప్పాలి. మల్లెతీగ గారూ, మీ నియామకం నాటి కాగితాలు ఒకసారి తీసి చూడండి. కానీ దూరం ఎంత ఉండాలన్నది నిబంధనల్లో నిర్ణయించుకోమని వదిలేశారు, మీ కంపెనీ ఊరి అవతలి డే కేర్‌ని చూపించగలిగింది అందుకే.

పాతది కూడా తెలుసుకోండి. 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ ముప్పై మందికి మించి ఆడ కార్మికులుంటే ఆరేళ్ళ లోపు పిల్లలకి క్రెష్ ఉండాలంది. అందులో మగవాళ్ళని లెక్కేయలేదు. అంటే ముప్పై దాటి ఆడవాళ్ళని పెట్టుకుంటేనే ఖర్చు. యజమాని గారు చెప్పిన చిక్కు అప్పటినుంచీ ఉంది. చిలీ దేశంలో కూడా ఇరవై మంది ఆడవాళ్ళుంటే యజమానే డే కేర్ ఇవ్వాలని చట్టం ఉంటే, అక్కడి కంపెనీలు కొత్తగా చేరే ఆడవాళ్ళకి జీతమే తగ్గించి ఇచ్చాయని ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూపించారు. 2017లో మనవాళ్ళు మగవాళ్ళని కూడా లెక్కలోకి తీసుకోవడం మంచి మార్పే. ఖర్చులో ప్రభుత్వం వాటా తీసుకోకపోవడమే లోపం.

కామారెడ్డి

మా దిక్కు బీడీలు చుట్టే ఆడవాళ్ళే ఎక్కువ. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, ఎక్కడ చూసినా అంతే. పని ఇంట్లోనే కాబట్టి "పిల్లల్ని చూసుకుంటూ సంపాదించుకుంటుంది" అని అందరూ మెచ్చుకుంటారు. అదెట్లుంటదో నేను చూస్తూ పెరిగిన. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన పాకే బిడ్డ. ఆ దుమ్మంతా బిడ్డ పీల్చవలసిందే. ఏడిస్తే లేవాలి, లేస్తే వెయ్యి బీడీలు కావు, కాకపోతే కూలి రాదు. ఇల్లు ఫ్యాక్టరీ కాదు కాబట్టి ఏ క్రెష్ చట్టమూ ఆమె గడప దాటి లోపలికి రాదు. ఇంట్లో నుంచి పని చేసే అవకాశం ఇస్తే ఆడవాళ్ళ సమస్య తీరిపోతుందని సాఫ్ట్‌వేర్ వాళ్ళు అంటుంటే నాకు మా అమ్మే గుర్తొస్తది. ఇంట్లో ఉన్నంత మాత్రాన బిడ్డను చూసే మనిషి దొరికినట్టు కాదు.

మల్లెతీగ (హైదరాబాద్)

కామారెడ్డి గారూ, మీరన్నది అక్షరాలా నిజం. లాక్‌డౌన్‌లో మా టీంలో పిల్లలున్న వాళ్ళంతా రాత్రి పదకొండు తర్వాత కూర్చుని పని చేసేవాళ్ళు, పిల్లలు పడుకున్నాక. ఆ ఏడాది అప్రైజల్‌లో వాళ్ళకే తక్కువ వచ్చింది, "మీటింగుల్లో కెమెరా ఆన్ చేయరు" అన్నారు.

నైట్ డ్యూటీ (విశాఖ)

నేను స్టాఫ్ నర్సుని. ఇక్కడ ఎవరూ రాత్రి గురించి మాట్లాడలేదు. నాకు నెలలో కొన్ని వారాలు రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ. మా ఊళ్ళో ఏ డే కేర్ అయినా సాయంత్రం ఆరున్నర, ఏడుకి తాళం వేస్తుంది. మా ఆయన ఫార్మా ప్లాంట్‌లో షిఫ్టుల్లో ఉంటారు. ఇద్దరికీ రాత్రి పడిన రోజు పక్కింటి అక్క దగ్గర పాపని పడుకోబెడతాను, ఆమె రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు. ఇప్పుడు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ రోజుకి పది గంటలు పని చేయించుకోవచ్చని 2025లో మార్పులు తెచ్చారు, ఆడవాళ్ళు రాత్రి షిఫ్టులు చేయొచ్చన్నారు, రవాణా ఇవ్వాలి, భద్రత ఇవ్వాలి అని షరతులు పెట్టారు. మంచిదే. ఆ పది గంటలకి ప్రయాణం రెండు గంటలు కలిపితే పన్నెండు. పన్నెండు గంటలు తెరిచి ఉండే క్రెష్ ఎక్కడుందో కూడా ఆ కాగితంలోనే రాసి ఉండాల్సింది.

బస్సు విషయం కూడా అంతే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, మాకు 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం. నిజంగా మేలు జరిగింది, మా వార్డులో ఊడ్చే ఆమె ఇప్పుడు దూరం నుంచి కూడా రాగలుగుతోంది. ఆమె బిడ్డ మాత్రం లిఫ్ట్ పక్కన మెట్ల కింద కూర్చుని ఉంటుంది. ఆసుపత్రిలో, ఇన్ఫెక్షన్ల మధ్య.

అంగన్‌వాడీ టీచర్ (పల్నాడు)

ఇంతమంది ఇన్ని రాశారు, మా పేరు ఎవరూ ఎత్తలేదు. ఆంధ్రలో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీలు ఉన్నాయి. ప్రతి ఊళ్ళో ఒక గది, ఇద్దరు ఆడవాళ్ళు, గుడ్డు, పాలు, బియ్యం ఇప్పటికే ఉన్నాయి. 1975 అక్టోబరు 2న మా కేంద్రాలని నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైంది, యాభై ఏళ్ళు దాటిపోయింది. మరి తల్లి పనికి పోవడానికి మా కేంద్రం ఎందుకు సాయపడటం లేదు?

రెండు కారణాలు. మా దగ్గర రోజంతా కూర్చునేది మూడేళ్ళు నిండిన పిల్లలు. ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా పిల్లలకి ఇంటికి రేషన్ ఇస్తాం, బరువు తూస్తాం, టీకాల రోజు పిలుస్తాం. ఉంచుకోం. ఉంచుకోవాలంటే ఎత్తుకునే మనిషి కావాలి, ఉయ్యాల కావాలి, గుడ్డలు మార్చాలి, ఒక టీచరు ఒక ఆయా వల్ల అయ్యే పని కాదు. తల్లి చేతులు కట్టేసేది సరిగ్గా ఆ వయసే. రెండోది సమయం. మా ఊళ్ళో మిరప కోతకి ఆడవాళ్ళు తెల్లవారక ముందే ఆటో ఎక్కుతారు. నేను తొమ్మిదికి తలుపు తీస్తాను, సాయంత్రం నాలుగుకి మూస్తాను. వాళ్ళు వచ్చేసరికి చీకటి. ఆదోని, కోసిగి వైపు నుంచి వలస వచ్చినవాళ్ళయితే మరీ ఘోరం, పిల్లలు చేను గట్టునే ఉంటారు, మిరప ఘాటుకి దగ్గుతూ. వాళ్ళ పేర్లు నా రిజిస్టర్‌లో లేవు, వాళ్ళ ఊళ్ళో ఉన్నాయి. నేను గుడ్డు ఇస్తే లెక్క తప్పుతుంది. అయినా ఇచ్చాను.

ఇంకో మాట. "అంగన్‌వాడీ సమయం పెంచండి" అని మీరంతా అడుగుతారు, అడగాలి కూడా. కానీ 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు మేము ఎందుకు రోడ్డు మీద కూర్చున్నామో గుర్తుంచుకోండి. ఆంధ్రలో టీచరుకి 11,500, ఆయాకి 7,000. జీతం కాదు, గౌరవ వేతనం. మా మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల చట్టం పెట్టారు. మేము అత్యవసరం అని ఆ రోజు ఒప్పుకున్నారు, మరి ఆ అత్యవసరానికి తగ్గ జీతం కావాలి కదా. ఇంకో ఆడమనిషి పని నిలబెట్టడానికి నా చేత తక్కువ డబ్బుకి ఎక్కువ గంటలు చేయిస్తే, రాజమండ్రి పెద్దమ్మగారికి జరిగిందే నాకూ జరుగుతుంది.

గోదావరి గట్టు (రాజమండ్రి, ప్రస్తుతం బెంగళూరు)

టీచరమ్మా, నా కడుపులో మాట చెప్పావు.

మాంట్రియల్ చలి

కెనడాలో క్యుబెక్ రాష్ట్రం ఇదే పని 1997లో మొదలుపెట్టింది, రోజుకి ఐదు డాలర్లకే పిల్లల్ని చూసుకునే కేంద్రాలు. మిగతాది ప్రభుత్వం పెట్టుకుంది. చిన్నపిల్లల తల్లులు పనికి వెళ్ళడం బాగా పెరిగింది. మా పాప సీపీఈ అనే లాభాపేక్ష లేని కేంద్రంలో పెరిగింది, అక్కడ టీచర్లకి దీనికోసమే చదువు ఉంటుంది. 2021లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా రోజుకి పది డాలర్లకి తెస్తామని బడ్జెట్లో డబ్బు పెట్టింది.

కానీ అంతా బాగుందని చెప్పను. సీట్ల కోసం జనం కడుపుతో ఉన్నప్పుడే పేరు రాయించుకుంటారు. తొందరగా సీట్లు పెంచాలని ప్రైవేటు కేంద్రాలకి కూడా డబ్బిచ్చారు, వాటిలో కొన్నింట్లో నాణ్యత తక్కువ. పిల్లల్లో చికాకు, ఆందోళన పెరిగాయని మొదటి ఏళ్ళ మీద చేసిన పరిశోధనలో తేలింది కూడా. చవగ్గా ఇవ్వడం ఒక్కటే చాలదు, చూసుకునే మనిషి చేతిలో ఎంతమంది పిల్లలున్నారన్నది అంతకన్నా ముఖ్యం.

శ్రీరామనవమి పందిరి (గుంటూరు)

మాంట్రియల్ గారు చివర చెప్పిందే నా భయం. ఒక ఆయా పదిహేను మంది చంటిపిల్లల్ని ఎలా చూస్తుంది? కానీ టీచర్ గారు చెప్పిన మిరప చేల సంగతి మా చుట్టూ నేను రోజూ చూసేదే. ఆ పిల్లలకి గట్టు కన్నా గది మేలు, అందులో నాకు రెండో మాట లేదు. ఇప్పుడు మన రాష్ట్రంలో జననాలు తగ్గిపోతున్నాయి, ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రిగారు అంటున్నారు, స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన కూడా 2024లో తీసేశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మనకి ఒక్కో ఆడమనిషికి సగటున 1.7 మంది పిల్లలు అని వచ్చింది. కనమనేవాళ్ళు పెంచే ఏర్పాటు కూడా చూపించాలి. ఇది నేను నిజంగానే అంటున్నాను.

నల్లకోటు (కర్నూలు)

ఏర్పాటు కాగితం మీద ఉంది. "పాల్నా" అనే కేంద్ర పథకం కింద అంగన్‌వాడీల్లోనే క్రెష్ పెట్టొచ్చు, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలకి, నెలకి 26 రోజులు, రోజుకి ఏడున్నర గంటలు. క్రెష్ కోసం విడిగా ఒక వర్కరు, ఒక హెల్పరు. దేశం మొత్తానికి 17,000 లక్ష్యం పెట్టుకున్నారు, మన రెండు రాష్ట్రాల్లోనే 90 వేల అంగన్‌వాడీలున్నాయి, పోల్చుకోండి. పక్కన కర్ణాటక 2023లో ఉపాధి హామీ కూలీల పిల్లల కోసం "కూసిన మనె" అని పంచాయతీల్లో నాలుగు వేల క్రెష్‌లు తలపెట్టింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే పని చోట ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురుంటే ఒక ఆమెకి కూలి ఇచ్చి పిల్లల్ని చూడమనాలని రాశారు. ఎవరైనా అలా చూసుకోగా చూశారా?

పాలమూరు వలస

ఒక్కసారి చూసిన. మా ఊళ్ళో ఫీల్డ్ అసిస్టెంటు మంచి మనిషి, ఒక ముసలామెను పెట్టిండు. ఆ ఎండాకాలం మా వదిన పని మానలేదు. తర్వాత ఆయన మారిపోయిండు, అదీ పోయింది.

వార్డు మెంబర్ (పల్నాడు)

టీచర్ గారూ, నల్లకోటు గారూ, నేను మా పంచాయతీలో వార్డు మెంబరుని. వచ్చే గ్రామసభలో మా అంగన్‌వాడీకి పాల్నా క్రెష్ కావాలని తీర్మానం పెట్టాలనుకుంటున్నాను. డ్వాక్రా సంఘాల వాళ్ళు సంతకాలు పెడతామన్నారు. ఏమేం రాయాలో చెప్పండి.

అంగన్‌వాడీ టీచర్ (పల్నాడు)

చాలా సంతోషం అండీ. ముందు ఊళ్ళో మూడేళ్ళ లోపు పిల్లలెంతమంది, వాళ్ళ తల్లుల్లో ఎంతమంది కూలికి పోతున్నారు, పిల్లల్ని చూసేవాళ్ళు లేక ఎంతమంది మానేశారు, ఇల్లిల్లూ తిరిగి పేర్లతో రాయండి. నా సర్వే రిజిస్టర్ ఇస్తాను, అందులో సగం ఉంది. వలస వచ్చిన కుటుంబాల పిల్లల్ని వేరే పేజీలో రాయండి, వదిలేయొద్దు. గది ఉందా, కొళాయి ఉందా, బాత్రూం ఉందా, ప్రహరీ ఉందా అన్నది రాయండి. ప్రహరీ లేదని వెనక్కి పంపే ప్రమాదం ఉంది, పంచాయతీ నిధుల్లోంచి కట్టిస్తామని అదే తీర్మానంలో కలపండి. సమయం మాత్రం గట్టిగా అడగండి. ఏడున్నర గంటలు మిరప కోతకి చాలవు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా పొద్దున ఆరుకే తీయాలని, దానికి రెండో జత మనుషులు కావాలని రాయండి. నన్నూ మా ఆయమ్మనే ఆ గంటలు కూడా చేయమని మాత్రం రాయొద్దు.

వార్డు మెంబర్ (పల్నాడు)

సరేనమ్మా. రెండో జత మనుషుల్ని మా ఊరి సంఘాల్లోంచే తీసుకోవాలని కూడా కలుపుతాను. కాపీ ఎవరి పేరు మీద ఇవ్వాలి?

అంగన్‌వాడీ టీచర్ (పల్నాడు)

మా పైఅధికారి సీడీపీఓ గారికి ఒకటి, జిల్లాలో ఐసీడీఎస్ ప్రాజెక్టు డైరెక్టరు (పీడీ) గారికి ఒకటి, కలెక్టరుగారి గ్రీవెన్స్‌లో సోమవారం ఒకటి ఇచ్చి రసీదు తీసుకోండి. సర్వే కాగితాల జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి.